మన కొండకి మంచు దేశంలో చుట్టాలున్నారు

గోపాలపట్నంలో ఎటు తిరిగినా సింహాచలం కొండ కంటబడుతుంది. ఆ కొండరాయిని ఖోండలైట్ అంటారు, కోందు గిరిజనుల పేరు మీదుగా. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట మన తూర్పు కనుమలూ, తూర్పు అంటార్కిటికా ఒకదానికొకటి అతుక్కుని ఉండేవని రెండుచోట్ల రాళ్లనూ పోల్చిచూసిన భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట పంపకాలు మొదలయ్యాయి. ఒకరి వాటాకి మే నెల ఉక్కపోత వచ్చింది, ఇంకొకరి వాటాకి కిలోమీటర్ల మందాన మంచు.

మనదేశం 2012లో తెరిచిన భారతి పరిశోధన కేంద్రం ఉన్నది ఆ చుట్టాల వైపే. టూరిస్టు ఓడలు మాత్రం చాలామటుకు అటు పోవు. అర్జెంటీనా కొసనున్న ఉషుయాయాలో జనాన్ని ఎక్కించుకుని, రెండు రోజులు డ్రేక్ జలసంధి దాటి, దక్షిణ అమెరికా వైపు చాచుకున్న అంటార్కిటికా ద్వీపకల్పానికి చేరుస్తాయి. అరకు ఘాట్ రోడ్డుకే నిమ్మకాయ వాసన చూసేవాళ్లు ఆ రెండు రోజుల గురించి ముందే ఆలోచించుకోవాలి.

ఇలాంటి యాత్రలకు 1966లో దారి వేసినవాడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్. 1969లో దీనికోసమే ఎర్రరంగు చిన్న ఓడ కట్టించాడు. అది 2007 నవంబరు 23న అంటార్కిటికా దగ్గరే మంచుకు తగిలి మునిగింది. 154 మందీ బతికి బయటపడ్డారు.

ఆ మంచుసీమను చూసొచ్చిన ఓడ ఒకటి విశాఖకీ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో మన క్రూజ్ టెర్మినల్‌లో ఆగిన ‘ది వరల్డ్’లో 165 ఇళ్లున్నాయి. టికెట్టు కాదు, ఇల్లే కొనుక్కుని కాపురముంటారు. 2017 జనవరిలో ఇది రాస్ సముద్రంలో 78 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి, అప్పటికి ఏ ఓడా చేరనంత దిగువకు వెళ్లొచ్చింది.

నెల్లూరు జిల్లా పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబుది వేరే లెక్క. 2006 జనవరిలో అంటార్కిటికాలోని అత్యున్నత శిఖరం మౌంట్ విన్సన్ ఎక్కాడు.

ఓడలో వెళ్లినవాళ్లు అక్కడ ఒడ్డున దిగడానికి నియమాలు సింహాచలం చందనోత్సవం క్యూ కంటే కఠినం. ఒక్కసారికి 100 మందికి మించి దిగకూడదు. 500 మందికి పైగా ప్రయాణికులున్న ఓడైతే అసలు దించనే కూడదు. డెక్కు మీంచి దండం పెట్టుకుని రావడమే. పెంగ్విన్‌కి అయిదు మీటర్ల దూరంలో నిలబడాలి. అది ఎదురొస్తే దారి మనమే ఇవ్వాలి. బర్డ్ ఫ్లూ భయంతో ఇప్పుడు నేలమీద కూర్చోనివ్వడం కూడా లేదు.

దిగే ముందు జేబులు తిరగేసి వాక్యూమ్ క్లీనర్ పెడతారు, ఒక్క గడ్డి గింజ దొరక్కూడదు. బూటు అడుగున మన కొండ ఎర్రమట్టి ఇరుక్కుని ఉంటే, పుల్లతో గీకి, బ్రష్షుతో తోమి, మందునీళ్లలో ముంచి గానీ వదలరు.