పురుష హార్మోను చికిత్స – నెత్తురు పరీక్షా పత్రము



నేడు నేను చెప్పబోవు విషయమును రచ్చబండమీద ఎత్తుటకు మనవారు సిగ్గుపడుదురు. నాకా సిగ్గు పోయి తొమ్మిదేండ్లైనది. మెదడు క్రింద బఠాణీగింజయంత పిట్యూటరీ గ్రంథి కలదు. నాకు అందు పెరిగిన కంతిని వైద్యులు తీసివేసిన పిమ్మట, వృషణములకు పని చెప్పు ఆజ్ఞలు నిలిచిపోయినవి. ఆనాటినుండి టెస్టోస్టెరోన్ అను పురుష హార్మోనును మూడు వారములకొకమారు సూదిమందుగా పుచ్చుకొనుచున్నాను. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున లాకర్ అను శాస్త్రజ్ఞుని బృందము దీనిని ఆబోతుల వృషణములనుండి వేరుచేసెను. ఆ యేటనే బూటెనాంట్, రుజిచ్కా అను రసాయన శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమముగా చేయగలిగిరి. సూది వేయించుకొనుట తేలిక. వెనుక వచ్చు పరీక్షా పత్రమును చదువుటయే కష్టము.

మొదటి యేడు నేను సూది వేయించుకొన్న మూడవనాడు నెత్తురిచ్చితిని. డెసిలీటరుకు 1,180 నానోగ్రాములని వచ్చినది. పొంగిపోతిని. తరువాతి పరీక్ష ఇరువదియొకటవనాడు తటస్థించినది. అందు 230 మాత్రమే. మందు కల్తీదని అంగడివానితో తగవులాడి, ఇకమీదట రెండు వారములకే సూది వేయుడని వైద్యునివద్ద పట్టుపట్టితిని. ఆయన నవ్వి, "సూది ఏనాడు? నెత్తురు తీసినది ఏనాడు?" అని మాత్రమడిగెను.

కాలువ వంతు వచ్చిన మరునాడు మడి నిండియుండును. రాబోవు వంతుకు ముందు అదే మడి నెర్రెలు వారియుండును. ఏ ఒక్కనాడు చూచినను నీటి లెక్క తెలియదు. నేను వాడు ఎనాంథేట్ జాతి సూదికి రెండు సూదుల నడిమి దినమున నెత్తురు తీయవలయును. చాలకాలము నిలుచు అండెకనోయేట్ సూదికైనచో రాబోవు సూదికి ముందు తీయుదురు. చర్మముపై పూయు జెల్ వాడువారు పూసిన రెండు గంటలు మొదలు ఎనిమిది గంటలలోపల తీయించుకొనవలెను. అదియు, మందు పూసిన చేతినుండి కాదు. అట్లు తీసినచో లెక్క తప్పుగా పెరిగి కనబడును.

ఆరోగ్యవంతులైన, స్థూలకాయులు కాని యువకులలో ఈ హార్మోను సుమారు 264 మొదలు 916 వరకుండునని 2017లో ప్రకటించిరి. చికిత్సలోనున్నవానికి ఆ నడిమి భాగము చాలును. ముసలితనపు అలసట ఒక్కటే ఈ మందుకు కారణము కాదు. మందు మొదలిడుటకు ముందు రెండు వేర్వేరు దినములలో ఉదయమున, పరగడుపున పరీక్షించి, రెండుమార్లును తక్కువయని తేలవలయును.

ఇక నేను చేసిన పెద్ద తప్పు చెప్పెదను. మూడవయేట టెస్టోస్టెరోన్ 560 అని చూచి, తృప్తితో పత్రము మడిచి పెట్టెలో పెట్టితిని. దానికి రెండు వరుసల క్రిందనున్న హెమటోక్రిట్ అను మాటను చదువలేదు. నెత్తురులో ఎర్రకణములు ఆక్రమించు పాలు అది. ఈ హార్మోను ఎముకల మూలుగను ప్రేరేపించి ఎర్రకణములను పెంచును. అవి మితిమీరిన నెత్తురు చిక్కబడును. గడ్డకట్టునేమోయని వైద్యుల భయము. నా అంకె 56. ముఖము ఎర్రబడి తల దిమ్ముగానుండగా, "నెత్తురు పట్టినది" అని చుట్టములు మెచ్చుకొనుచుండిరి! నేనును మురిసితిని. నా కోడలు ఆ పత్రము తీసి చదివి, ఆనాడే నన్ను వైద్యునివద్దకు తీసికొనిపోయినది. అంకె 54 దాటిన మందు నిలుపవలెనన్నది 2018నాటి ఎండోక్రైన్ సొసైటీ నియమము. మూడు నెలలు మాన్పించిరి. 48కి దిగిన పిదప మోతాదు తగ్గించి మరల మొదలిడిరి. పొగత్రాగుటయు, నిద్రలో ఊపిరి ఆగునట్టి గురకయు, ఒంటిలో నీరు తగ్గుటయు ఈ అంకెను పెంచును గనుక వైద్యుడు వానినిగూర్చియు అడిగెను. మొదట మూడు మొదలు ఆరు నెలలలోపల, తరువాత ఏటేట దీనిని చూడవలయును.

మన వయసువారికి పి.ఎస్.ఎ. అను వరుసయు ముఖ్యమే. అది ప్రోస్టేటు గ్రంథికి సంబంధించినది. మొదటి యేట 1.4కు మించి పెరిగినను, 4 దాటినను మూత్రవ్యాధుల వైద్యుని చూడవలెను. అంతమాత్రమున పుట్టకురుపని కాదు. మూత్రమున చీము పట్టినను అది పెరుగును.

ఎల్.హెచ్. అను అంకె సున్న దరికి దిగుట ఈ చికిత్సలో సహజము. బయటనుండి హార్మోను వచ్చుచుండగా లోపలి గ్రంథి మిన్నకుండును. వీర్యకణములును తగ్గును. సంతానము కోరు పడుచువాడు కండలకని ఈ సూది వేయించుకొనుచున్నచో, పెద్దలు ఈ మాట వాని చెవిని వేయవలయును.

ఇప్పుడు నా పత్రములన్నిటి మూలను సూది తేదీ, నెత్తురు తేదీ ఎర్రసిరాతో వ్రాసియున్నవి. ఎల్లుండి పదియవదినము. కోడలు అప్పుడే పంచాంగముమీద గీత గీసినది.