మీకు తెలుసా? నిద్రను కనిపెట్టే తీగ

తల్లాడ దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తే పొదల మీద అల్లుకునే దూలగొండి ఉంది చూశారూ, దాని కాయల మీది నూగు తగిలితే ఒళ్లంతా దురదే. ఆ గింజల్లోంచి ఎల్-డోపాను 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. వణుకు జబ్బు పార్కిన్సన్స్‌కు నేటికీ ప్రధాన మందు ఆ పదార్థమే. అలాగని గింజలు సొంతంగా మింగితే ప్రమాదం.

ఈ జబ్బులో పగటి వణుకు అందరికీ కనిపిస్తుంది. రాత్రి బాధ పక్కన పడుకున్నవాళ్లకే తెలుసు: మందు పట్టు సడలి ఒళ్లు కొయ్యబారితే అటునుంచి ఇటు ఒత్తిగిల్లడమూ గండమే. కొందరు కలలో తరుముకొచ్చినవాణ్ని తన్నబోయి మంచం మీంచి పడిపోతారు.

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ బెనాబిద్ బృందం వణుకు చికిత్సకు కొత్త దారి తెరిచింది. మెదడు లోతుల్లోకి సన్నని తీగ, ఛాతీ చర్మం కింద దానికి కరెంటు పంపే బ్యాటరీ. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్ చేస్తున్నారు.

కదలికల కోసం అమర్చిన తీగ చాలామందికి నిద్రనూ మెరుగుపరిచింది. కలల్లో తన్నే జబ్బు మాత్రం సాధారణంగా దానికి లొంగలేదు. అయితే ఆ తీగ మెదడు సంకేతాలనూ వినగలదు, వాటిని బట్టి నిద్ర ఏ దశలో ఉందో చాలావరకు పసిగట్టవచ్చు. దశకు తగ్గట్టు కరెంటు తనంతట తానే హెచ్చుతగ్గులయ్యేలా చేయడం మీదే ఇప్పుడు పరిశోధకుల దృష్టి.