గట్టి మంచు మీద నిలబడే స్కీ ఏది?

మన సినిమా పాటల్లో మంచు దూదిలా ఉంటుంది. హీరోయిన్ పిడికెడు తీసి హీరో మీద విసిరితే గాల్లోనే పొడై రాలిపోతుంది. ఆ మంచును మనసులో పెట్టుకుని న్యూజెర్సీ కొండ ఎక్కితే అంతే సంగతులు. ఇక్కడ పడితే దూది మీద పడ్డట్టుండదు, నిన్న పోసిన స్లాబ్ మీద పడ్డట్టుంటుంది.

జెర్సీ సిటీ చుట్టుపక్కల బిల్డింగ్ పనుల్లో ఉన్న తెలుగువాళ్లం ఓ ఆరుగురం నాలుగు శీతాకాలాలుగా స్కీయింగ్ కి వెళ్తున్నాం. చలి 40 డిగ్రీల ఫారెన్ హీట్ కిందికి దిగిందంటే కాంక్రీటుకు దుప్పట్లు కప్పాలి, హీటర్లు పెట్టాలి. పనులు నెమ్మదిస్తాయి, ఓవర్ టైమ్ ఉండదు. గదిలో కూర్చుని పేకాడే బదులు వ్యాన్ వేసుకుని వెర్నన్ లోని మౌంటెన్ క్రీక్ కి పోతాం. సుమారు 50 మైళ్లు. రాత్రిపూట కూడా దీపాల వెలుగులో నడుస్తుంది.

కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "అన్నా, ఏ స్కీ కొనమంటారు?" అని మమ్మల్ని అడగడం ఈమధ్య ఎక్కువైంది. మా జట్టులో అందరికంటే చిన్నవాడైన భీమవరం తమ్ముడైతే 106 మిల్లీమీటర్ల వెడల్పున్న కొత్త స్కీలు సగం ధరకే వస్తున్నాయని కార్డు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వాడు కొనకముందే తేల్చుకుందామని పోయిన శీతాకాలం నాలుగు రకాల జతలు అడిగి, అద్దెకు తెచ్చి, ఒకే కొండ మీద ఒకే వాలులో మార్చి మార్చి తొడుక్కుని చూశాం. మేమేమీ రేసర్లం కాదు. బ్రేకులు వేయడం, మలుపులు తిరగడం వచ్చిన మామూలు మనుషులం. మా అనుభవం అలాంటివాళ్లకే పనికొస్తుంది.

మంచు ఇంత గట్టిగా ఎందుకుంటుంది?

ఇక్కడి కొండల మీద ఉండేదాంట్లో చాలా భాగం మిషన్ మంచు. దీని పుట్టుక మన పనివాళ్లకు నచ్చుతుంది. 1950లో కనెక్టికట్ రాష్ట్రంలో స్కీలు తయారు చేసే ఓ చిన్న కంపెనీకి మంచు పడక గిరాకీ పోయింది. అందులో భాగస్వామి అయిన వేన్ పియర్స్ రంగులు కొట్టే స్ప్రే కంప్రెసర్ కి తోటకు నీళ్లు పెట్టే పైపు తగిలించి, చలిలో నీటి తుంపర్లను గాల్లోకి కొట్టి మంచు చేశాడు. ఇప్పుడు కొండల మీద రాత్రంతా హోరెత్తే మంచు ఫిరంగులకు మూలం అదే.

ఆకాశం నుంచి పడే మంచు ఆరు కోణాల పువ్వులా ఉండి, మధ్యలో గాలి నింపుకుని ఉంటుంది. కొత్తగా పడినప్పుడు ఘనపు మీటరుకు 100 కిలోలు, ఒక్కోసారి అంతకంటే తక్కువే. ఫిరంగి మంచు చిన్న చిన్న గుండ్రటి గుళికలు. ఇసుకలా ఒత్తుకుని కూర్చుంటాయి. బరువు 400 కిలోలకు అటూ ఇటూ. దాని మీద ట్రాక్టరు లాంటి బండి తిరిగి చదును చేస్తుంది. పగలు ఎండకు పైపొర కరుగుతుంది, సాయంత్రం ఏడు దాటాక మళ్లీ గడ్డకడుతుంది. పైగా వందలమంది గీకి గీకి పైనున్న కాస్త పొడినీ కిందికి తోసేస్తారు. మిగిలేది బూడిద రంగులో మెరిసే పలక. మా పరీక్షలన్నీ కావాలనే ఏడు గంటల తర్వాతే పెట్టుకున్నాం.

నడుము లెక్క

స్కీకి ముందు, వెనక వెడల్పు ఎక్కువ, మధ్యలో నడుము సన్నం. షాపువాళ్లు 72, 88, 106 అని చెప్పే అంకె ఈ నడుము వెడల్పు, మిల్లీమీటర్లలో. మెత్తటి మంచులో స్కీ దిగబడుతుంది కాబట్టి వెడల్పున్నది పడవలా తేలుతుంది. గట్టి మంచు మీద దిగబడే ప్రశ్నే లేదు. ఒళ్లు వంచి మలుపు తిరిగినప్పుడు మన బరువంతా స్కీ అంచున ఉండే సన్నటి ఉక్కు పట్టీ మీదే ఉంటుంది.

ఇక్కడ మనకు తెలిసిన లెక్కే పనిచేస్తుంది. గోడ నుంచి సన్ షేడ్ ఎంత బయటికొస్తే దాని కొస మీద పెట్టిన బరువు అంత ఎక్కువగా కిందికి విరుస్తుంది కదా. 66 మిల్లీమీటర్ల స్కీలో కాలి మధ్య నుంచి అంచుకు దూరం 33 మిల్లీమీటర్లు. 106 స్కీలో 53. అంటే అరవై శాతం ఎక్కువ. అంచు మీద నిలబెట్టిన స్కీని పడుకోబెట్టాలని చూసే మెలితిప్పు కూడా అంతే పెరుగుతుంది. దాన్ని అడ్డుకోవాల్సింది ఎవరు? మన చీలమండ, మోకాలు. 106 వేసుకుని గడ్డకట్టిన వాలులో రెండుసార్లు దిగేసరికి మాలో బలమైన వరంగల్ బావకే తొడలు వణికాయి. "ఇది స్కీ కాదురా, తలుపు చెక్క" అన్నాడాయన.

అదే వాలులో 72 నడుమున్న జత తొడుక్కుంటే వేరే లోకం. వంగీ వంగకముందే అంచు కరుచుకుంటుంది. పట్టాల మీద పోతున్నట్టుంటుంది. 88 మధ్యరకం. ముందే వంగి ఓపిగ్గా నిలబడితే పట్టు దొరుకుతుంది, తొందరపడితే జారుతుంది.

వెడల్పొక్కటే చూస్తే సరిపోదు. తడి తువాలును పిండినట్టు స్కీ ముందు భాగం మెలి తిరిగిపోతే ఎంత సన్నటి నడుమున్నా అంచు లేచిపోతుంది. అందుకే మంచి స్కీల్లో చెక్క గుండె పైనా కిందా టైటనల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకులు అంటిస్తారు. మొదట ఈ దారి పట్టించినవాళ్లలో ముఖ్యుడు హోవర్డ్ హెడ్. బాల్టిమోర్ విమాన ఫ్యాక్టరీలో ఇంజినీరు. విమానాల రేకూ ప్లైవుడ్డూ కలిపి శాండ్ విచ్ లా అతికించి 1950లో హెడ్ కంపెనీ పెట్టాడు. రేకు బిరుసునివ్వడమే కాదు, గట్టి మంచు మీద వచ్చే టకటక అదురును కూడా మింగేస్తుంది. రేకులేని తేలిక జతలో ఆ అదురు పళ్ల దాకా తెలిసింది.

ఇంకొకటి క్యాంబర్. బీమ్ షట్టరింగ్ మధ్యలో కాస్త పైకి లేపి ఇస్తాం చూడండి, అదే పేరు, అదే పని. స్కీని నేల మీద పెడితే మధ్యలో విల్లులా లేచి ఉంటుంది. మనిషి ఎక్కగానే చదునై, బరువు రెండు కొసలకూ పంచుకుంటుంది. మెత్తటి మంచు కోసం చేసేవాటికి ముందు కొస పడవ ముక్కులా బాగా ముందు నుంచే లేపేస్తారు. 2002లో షేన్ మెక్ కాంకీ ఆలోచనతో వచ్చిన వోలంట్ స్పాచులా ఈ తీరుకు దారి చూపింది. లోతు మంచులో అద్భుతమే కావచ్చు. మా పలక మీద మాత్రం సగం అంచు గాల్లోనే ఉంటుంది.

ఇప్పుడన్ని స్కీలకూ కనబడే సన్నటి నడుము తీరును బాగా ప్రచారంలోకి తెచ్చింది స్లొవేనియాకు చెందిన ఎలాన్ కంపెనీ, 1993లో ఎస్సీఎక్స్ అనే జతతో. ఈ వంపు నుంచే స్కీ ఎంత వ్యాసార్థంలో తిరుగుతుందన్నది వస్తుంది. 13 మీటర్లంటే చిన్న మలుపు, 18 అంటే పెద్దది. మన దగ్గరి కొండలు ఇరుకు, జనం ఎక్కువ. చిన్న మలుపుదే మేలు.

బ్రహ్మ, మంత్ర

పేర్లు చూసి మోసపోకండి అనాలో, మురిసిపోండి అనాలో తెలియదు. జర్మనీ కంపెనీ వోల్కల్ చేసే ఒక స్కీ పేరు మంత్ర. నడుము 96. ఆస్ట్రియా కంపెనీ బ్లిజార్డ్ ఇంతకుముందు చేసిన ఒకదాని పేరు బ్రహ్మ. 88. మాకు దొరికిన మధ్యరకం జత ఈ బ్రహ్మే. నాలుగు తలల దేవుడి బొమ్మ ఉంటుందనుకుంటే ఎద్దు తల కనిపించింది. అమెరికాలో బ్రహ్మ అంటే మూపురం ఉన్న ఎద్దు. ఆ జాతిని భారతదేశం నుంచి తెచ్చిన పశువులతోనే ఇక్కడ తయారు చేశారు, అందులో మన ఒంగోలు జాతి రక్తం కూడా ఉంది. మాలో ప్రకాశం జిల్లా అన్నకు ఆ సంగతి తెలిశాక ఆ జత ఇంకొకరికి ఇవ్వడమే మానేశాడు.

అసలు తేడా ఎక్కడుందంటే

ఇదే బ్రహ్మ జత మొదటి వారం మాకు ఏమాత్రం నచ్చలేదు. అంచు మీద బొటనవేలి గోరు పెట్టి లాగి చూస్తే తెల్లటి పొడి రాలలేదు. అంటే మొద్దుబారింది. అక్కడక్కడా తుప్పు చుక్కలు. షాపులో ఇచ్చి సాన పట్టించాం, 50 డాలర్లకు అటూ ఇటూ అయింది. తర్వాతి శనివారం అదే వాలు, అదే చలి, అదే మనిషి. స్కీ మాత్రం వేరే స్కీ! అంతకుముందు జారిన చోటే నిలబడింది. రెండు కంపెనీల మధ్య మేం చూసిన ఏ తేడా అయినా దీని ముందు చిన్నదే.

ఇంకా గట్టిగా చూద్దామని, ఎవరో వద్దనుకుని అమ్మేసిన పాత 70 జత తెచ్చి మేమే సాన పట్టాం. ఆకురాయి, దానికి కోణం తప్పకుండా పట్టుకునే చిన్న గైడు ఉంటే చాలు. ఉలికి పదును పెట్టడం వచ్చినవాడికి ఇది పెద్ద విద్య కాదు. అడుగు వైపు ఒక డిగ్రీ, పక్క వైపు రెండు డిగ్రీలు తీస్తే మామూలువాళ్లకు సరిపోతుంది. రేసులవాళ్లు పక్కన మూడు దాకా పోతారు. ఆ పాత జత మొద్దు అంచున్న ఖరీదైన జతను గడ్డ మీద సులువుగా ఓడించింది. ఉక్కు అంచులు స్కీలకు వచ్చింది ఆస్ట్రియాలో, రుడాల్ఫ్ లెట్నర్ 1926లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు చెక్క అంచులతోనే దిగేవాళ్లట, వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

కౌంటర్లలో ఇచ్చే అద్దె జతలు నేర్చుకునేవాళ్ల కోసం పొట్టిగా, మెత్తగా ఉంటాయి. మొదటి రెండు మూడుసార్లకు అవే మంచివి. తర్వాత కూడా అవే తీసుకుని గడ్డ మీద జారుతున్నామని బాధపడితే తప్పు మీ కాళ్లది కాకపోవచ్చు. గోటితో అంచు చూసి, మొద్దుగా ఉంటే వేరేది అడగండి. అడిగితే ఇస్తారు.

మోకాలి సంగతి

ఇదంతా సరదా కబురు కాదు. మనం కాళ్ల మీద బతికే మనుషులం. నిచ్చెన ఎక్కాలి, డెక్ మీద నడవాలి. మోకాలి లోపలి లిగమెంటు తెగిందంటే ఆపరేషనూ, తర్వాత నెలల తరబడి విశ్రాంతీ. అక్కడ ఇంటికి పంపే డబ్బు ఆగిపోతుంది. పనిలో తగిలిన దెబ్బకు వచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ కొండ మీద తగిలినదానికి రాదు. న్యూజెర్సీలో టెంపరరీ డిసెబిలిటీ అనే రాష్ట్ర బీమా ఉంది. జీతంలో ఆ కోత పడుతూ, అర్హత ఉన్నవాళ్లకు వారపు సగటు జీతంలో 85 శాతం దాకా, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, 26 వారాల వరకు వస్తుంది. చేతికి నగదు తీసుకుని పని చేసేవాళ్లకు అదీ లేదు. వాళ్లు ఈ పేరా రెండోసారి చదవాలి.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ పడినప్పుడు ఊడాలి, ఊరికే ఊడకూడదు. దాన్ని ఎంత బిగించాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ తీరు చూసి పట్టిక ప్రకారం పెడతారు. ఫారంలో గొప్పకు పోయి 'ఆరితేరినవాడిని' అని టిక్కు పెడితే బిగింపు పెరుగుతుంది, పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు తిరుగుతుంది. బరువు తగ్గించి రాయడం కూడా అంతే తప్పు. బూటు వదులుగా ఉంటే పైన చెప్పిన సన్ షేడ్ లెక్కలన్నీ దండగ. కాలు తిరుగుతుంది, స్కీ తిరగదు. అందుకే డబ్బులు కొన్నే ఉంటే ముందు బూట్లు కొనండి. స్కీలు అద్దెకు తెచ్చుకోవచ్చు.

గల్ఫ్ లో ఉన్న మనవాళ్లు ఇదంతా మాకెందుకనుకోవచ్చు. దుబాయ్ లో మాల్ ఆఫ్ ద ఎమిరేట్స్ లోపల 2005లో తెరిచిన స్కీ దుబాయ్ లో 400 మీటర్ల వాలుంది. అదీ మనిషి చేసిన మంచే. మాకు దగ్గర్లో ఈస్ట్ రూథర్ ఫర్డ్ అమెరికన్ డ్రీమ్ మాల్ లో బిగ్ స్నో ఉంది. 2019 డిసెంబరులో తెరిచారు, 2021లో మంటలంటుకుని మూతబడి 2022 మేలో మళ్లీ మొదలైంది. ఏడాది పొడవునా నడుస్తుంది. ఎండాకానీ వానకానీ లేదు కాబట్టి అక్కడి మంచు కరిగి గడ్డకట్టదు, మా కొండంత క్రూరంగా ఉండదు. నేర్చుకోవడానికి మంచి చోటు.

పెద్దవాళ్ల పోటీల్లో అయితే గట్టి మంచే కావాలని వాలు లోపలికి నీళ్లు ఎక్కించి మరీ గడ్డ కట్టిస్తారు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ లో దాదాపు అంతా మిషన్ మంచే. మన దేశం నుంచి వెళ్లింది ఒక్కడే, కాశ్మీర్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్ లో పడకుండా రెండు రన్ లూ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచాడు. టీవీలో ఆ పలక మెరుపు చూసి మాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

భీమవరం తమ్ముడు 106 కొనలేదు. పదును పెట్టిన పాత 70 జతే ఉంచుకున్నాడు, మిగిలిన డబ్బులో సగం బూట్లకు పోయింది. "వెర్మాంట్ లో లోతు మంచు పడితే ఏం చెయ్యాలన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. పడిన రోజుకు అద్దెకు తెచ్చుకోమన్నాం. ఈలోగా ఇంటికి రాగానే అంచులు పొడిగుడ్డతో తుడిచి, బేస్ మెంట్ లో కాకుండా గదిలో పెట్టమని చెప్పాం. తడి అంచుకు తుప్పు పట్టడానికి ఒక్క రాత్రి చాలు.