కార్నివాల్ బండి: రెండు తరముల తారతమ్యము

మోటారుబండి కొనునప్పుడు దాని గుణదోషములను విచారించు భారము పురుషులదే యని మన యిండ్లలో పలువురి తలంపు. ఇంజను బలమెంత, వేగమెంత యని వారు చర్చించుచుందురు. పసిబిడ్డను ఒడిలో నుంచుకొని, అత్తగారి మందులసంచి కాళ్ళకడ పెట్టుకొని, వెనుక వరుసలో హిందూపురము నుండి బెంగుళూరు దాక పోవలసిన యామెను ఎవ్వరును అడుగరు. కావున ఈ మాసము ఆ వెనుక వరుసనుండియే యొక బండిని పరిశీలింప దలచితిమి.

ఆ బండి మనకు పరాయిది కాదు. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకే రైలుదారి మీది యూళ్ళు. మొదటిది పట్టుచీరలకును, కడపటిది బెల్లము, చింతపండు బేరములకును పేరుపొందినవి. నడుమనున్న పెనుకొండ 1565లో రక్కసి తంగడి యుద్ధమైన పిదప విజయనగర ప్రభువులకు రాజధాని యైన దుర్గము. ఆ వైభవము గతించి శతాబ్దములైన మీదట, 2017 ఏప్రిలు నెలలో ఆ పేరు మరల పత్రికల కెక్కినది. దక్షిణ కొరియా దేశపు కియా సంస్థవారు పెనుకొండ మండలములోని యెఱ్ఱమంచి కడ కర్మాగారము నెలకొల్పుటకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. 536 ఎకరముల నేల, 110 కోట్ల డాలరుల పెట్టుబడి, ఏటికి 3 లక్షల బండ్లు చేయగల యేర్పాటు. వానచుక్కకై ముఖము వాచిన సీమలో ఇంత కర్మాగారమునకు నీరెక్కడిదని సందేహము కలుగుట సహజము. హంద్రీ-నీవా కాలువ వెంట వచ్చు కృష్ణాజలములతో నిండు గొల్లపల్లి జలాశయము దానికి ఆధారమైనది. 2019 ఆగష్టులో అచ్చటినుండి మొదటి సెల్టోస్ బండి వెలువడెను. ఆ డిశంబరు 5వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. నాడది అనంతపురము జిల్లా. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లా.

విలాసపు బండి యనగానే పొడవైన సెడాను కారు కన్నులకు గట్టును. కియావారికిని అట్టిది కలదు. దాని పేరు కె9. 2012లో మొదటి తరము, 2018లో రెండవ తరము వచ్చినవి. కాని ఆ రెండింటిలో నొక్కటియు మన దేశమున అమ్మకమునకు రాలేదు. ఆ పెద్దపీట ఇచ్చట కార్నివాల్ అను కుటుంబపు బండికి దక్కినది. ఇది మాకు సంతోషకరమే. సెడానులో యజమాని యొక్కడు సుఖముగా కూర్చుండును. కార్నివాల్ యిల్లంతయు కూర్చుండుటకై పుట్టినది.

కొరియాలో ఈ బండి 1998లో పుట్టినది. 2005లో రెండవది, 2014లో మూడవది, 2020లో నాలుగవది. అచ్చట దీనికింత యాదరణ కలుగుటకు విచిత్రమైన కారణ మొకటి కలదు. ఆ దేశపు పెద్దరహదారులపై బస్సులకు ప్రత్యేకముగా ఒక వరుస విడిచియుందురు. తొమ్మిది సీట్లును, అంతకు మించిన సీట్లును గల చిన్నబండిలో ఆర్గురైనను ఉన్నచో ఆ వరుసలో పోవచ్చును. పండుగనాడు ఇతరులు దారిలో చిక్కుకొని యుండగా, పదిమందితో ఊరికి పోవు కుటుంబము బస్సువలె ముందునకు సాగిపోవునన్నమాట. తొమ్మిది, పదునొకండు సీట్ల బండ్లు అచ్చట విరివిగా అమ్ముడుపోయిన రహస్యము ఇదియే. పెద్ద సంసారమునకు దారి యిచ్చు చట్టము మనకును ఉన్న బాగుండునని మా కోరిక!

మన దేశమునకు వచ్చినది మూడవ తరపు బండి. 2020 ఫిబ్రవరి 5వ తేదీన విడుదలైనది. భాగములు కొరియానుండి రాగా పెనుకొండ కడ కూర్చిరి. ప్రీమియం, ప్రెస్టీజ్, లిమోజిన్ అని మూడు రకములు. ఏడు, ఎనిమిది, తొమ్మిది సీట్లలో ఎవరికి వలసినది వారు ఏరుకొనవచ్చును. వెల 24 లక్షల 95 వేలు మొదలు 33 లక్షల 95 వేల వరకు. 2023లో దాని యమ్మకము నిలిచిపోయెను. ఏడాదికి పైగా విరామమైన పిమ్మట 2024 అక్టోబరు 3వ తేదీన నాలుగవ తరము వచ్చినది. ఒకే రకము, ఏడే సీట్లు, వెల 63 లక్షల 90 వేలు.

ఈ యంకెలను చూచి గుండె బేజారెత్తక మానదు. అయినను న్యాయముగా పోల్చవలెనన్న ఉత్తమమును ఉత్తమముతోనే పోల్చవలెను. పాతదానిలో పై రకమైన లిమోజినుకును క్రొత్తదానికిని గల భేదము 29 లక్షల 95 వేలు. 2020లో తొమ్మిది సీట్ల ప్రెస్టీజ్ బండి వెల సరిగా అంతయే! క్రొత్తదానిని కొనువాడు పాత లిమోజిను సొమ్మునకు తోడు మఱియొక తొమ్మిదిమంది బండి సొమ్మును చెల్లించుచున్నాడు. మనకు తెలిసిన లెక్కలో చెప్పుదుమా? ధర్మవరపు పట్టుచీర యొక్కంటికి పదివేలు వేసికొన్నచో, పాత లిమోజిను 339 చీరలు, క్రొత్తది 639 చీరలు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి పన్ను మారుటచే సుమారు నాలుగున్నర లక్షలు తగ్గినమాట నిజమే. అది 45 చీరల మాట.

ఇంత సొమ్మునకు ఏమి పెరిగినది? పొడవు 5115 మిల్లీమీటరులనుండి 5155కు, అనగా నాలుగు వ్రేళ్ళ వెడల్పైనను లేదు. ముందు వెనుక చక్రముల నడిమి దూరము 3060 నుండి 3090కి. ఇంజను రెంటను సుమారు 2.2 లీటర్ల డీజిలుదే. దాని బలము 200 అశ్వములనుండి 193కు దిగినదే గాని పెరుగలేదు. గేర్లు రెంటను ఎనిమిదే, వానంతట నవి మారునవియే. కావున బలమును గూర్చి పురుషులు చేయు చర్చ యిచ్చట నిష్ప్రయోజనము.

పెరిగినదెల్ల రెండవ వరుసలోను, రక్షణలోను. నడిమి రెండు కుర్చీలు మీట నొక్కగానే వెనుకకు వాలును, కాళ్ళక్రింద ఆధారమును చాచును, వేసవిలో చల్లగాలిని చలికాలమున వెచ్చదనమును ఇచ్చును. పాత లిమోజినులోను కాళ్ళ కాధారము గలదు గాని యిన్ని హంగులు లేవు. మోకాళ్ళనొప్పులు గల అవ్వను బెంగుళూరు వైద్యునికడకు కొనిపోవు కుటుంబమునకు ఇది విలాసము గాదు, ఉపకారము. మేము దీనిని వెక్కిరింపము.

రక్షణ సంగతి యింకను ముఖ్యము. పాతబండ్లలో చవుక రకములకు ఎయిర్‌బ్యాగులనెడి గాలిసంచులు రెండే, అవియు ముందు కూర్చున్నవారికి, లిమోజినుకు ఆరు. క్రొత్తదానికి ఎనిమిది. ఎదుట అడ్డు వచ్చినప్పుడు కెమెరాతోను రాడారుతోను కనిపెట్టి తనంత తానే బ్రేకు వేసికొను నేర్పును దీనికి గలదు. ఒక్కమాట: 2020 నాటి వెలల పట్టికలో తొమ్మిదిమంది ప్రాణములకు రెండు గాలిసంచులును, ఏడుగురికి ఆరును ఉండుటను ఆనా డెవ్వరైనను ప్రశ్నించిరా? ఎక్కువమంది కూర్చుండు బండికే రక్షణ యెక్కువ యుండవలెనని మా యభిప్రాయము. సంస్థలు దీనిని సొమ్మును బట్టి పంచినవి.

ఇక సీట్ల మాట. తొమ్మిది సీట్ల బండిలో రెండు, రెండు, రెండు, మూడు చొప్పున నాలుగు వరుసలు. కడపటి వరుస నేలలోనికి మడిగిపోవును. దానిని లేపినయెడల మోకాళ్ళకు చోటు తక్కువ, సామానులకు మరియు తక్కువ. కోడండ్రు, పిల్లలు అచ్చటికే పంపబడుదురని వేరుగా చెప్పనక్కర లేదు. అయినను అందరును ఒక్క బండిలో పోయిరి. క్రొత్తదానిలో ఆ వరుసయే లేదు. మూడవ వరుస ముగ్గురితో సరి. రెండవ వరుసలోని యిద్దరికి సింహాసనములు వేయుటకై ఇద్దరిని బండి దింపినట్లైనది. అత్తమామలు, దంపతులు, ముగ్గురు పిల్లలు గల యింటికి అది చాలును. ఆడుబిడ్డ పిల్లలతో పుట్టింటికి వచ్చిననాడు లేపాక్షి వీరభద్రుని దర్శనమునకు రెండవ బండిని పిలువవలసినదే.

రెండు తరములకును గల యొక గుణము మాకు మిక్కిలి నచ్చినది. వెనుక తలుపులు బయటికి తెరచుకొనవు, ప్రక్కకు జరుగును. నేల యెత్తుగా నుండదు. ఒకచేత బిడ్డ, ఒకచేత కుచ్చెళ్ళు పట్టుకొన్న స్త్రీ వంగక, కుచ్చెళ్ళు త్రొక్కుకొనక లోనికి పోగలదు. పై రకములలో మీట నొక్కిన తలుపు దానంతట అదే జరుగును. అయితే క్రొత్తబండి వెడల్పు రెండు మీటరులకు అయిదు మిల్లీమీటరులే తక్కువ. మగ్గముల చప్పుడు వినవచ్చు ధర్మవరపు సందులలో దీనిని త్రిప్పుట సులభము గాదు. ఇంటిముందర నిలుపు చోటు కొలిచి చూచిన పిదపనే బయానా ఇచ్చుట మేలు.

క్రొత్తది అందనివారు పాతదానిని పాతబండ్ల బేరగానికడ వెదకుచున్నారు. అట్టివారు సీట్ల లెక్కతోపాటు గాలిసంచుల లెక్కయు అడుగవలెను. జరుగు తలుపులను పదిసార్లు తెరచి మూసి చూడవలెను. నాలుగవ వరుసలో నడుముపట్టీ లన్నియు పనిచేయుచున్నవో లేదో తామే కట్టుకొని చూడవలెను. వెనుక కూర్చున్నవారును పట్టీ కట్టుకొనవలెనని చట్టము. పసిబిడ్డకు ఒడి చాలదు. ప్రత్యేకమైన కుర్చీ కొని సీటునకు బిగింపవలెను.

ఈ రెంటికిని అందని మధ్యతరగతి గృహములకు పెనుకొండ నుండియే యింకొక బండి వచ్చినది. కారెన్స్ అనునది 2022 ఫిబ్రవరిలో 8 లక్షల 99 వేల తొలివెలతో విడుదలైనది. ఆరు లేక యేడు సీట్లు; గాలిసంచులు మాత్రము చవుక రకమునకును ఆరు. దాని తలుపులు ప్రక్కకు జరుగవు, కుచ్చెళ్ళు మనమే చూచుకొనవలెను.