కూడలిలో నిలిచినవారు

పసుపు పచ్చనిది, సున్నము తెల్లనిది. రెంటిని నీటితో కలిపినచో ఎఱ్ఱని పారాణి యగుచున్నది. ఆ యెఱుపు పసుపునందును లేదు, సున్నమునందును లేదు. ఆయుర్వేద వ్యాఖ్యాతలు ఈ దృష్టాంతమునే చూపి, కొన్ని కలయికలయందు విడివిడి వస్తువులలో లేని గుణము పుట్టునని చెప్పిరి. మనుష్యుల కష్టములయందును ఇట్టి కలయికలు గలవని నేటి సాంఘిక పరిశోధకు లనుచున్నారు. వారు దానికి పెట్టిన పేరు ఇంటర్‌సెక్షనాలిటీ. మన గణిత పుస్తకములలో రెండు రేఖలు కలియు చోటును ఖండన బిందు వందురు గాని, ఖండన మనగానే మా పండితులు వాదమునకు దిగుదురు. కావున నేను దీనిని కూడలి భావ మనియెదను.

ఈ పేరునకు మూలమైన కథ అమెరికా దేశపుది. సెంట్ లూయీ నగరమున జనరల్ మోటార్స్ కంపెనీవారికి కార్ల కర్మాగార ముండెను. 1964లో ఆ దేశమున పౌరహక్కుల చట్టము వచ్చి, జాతినిబట్టి గాని స్త్రీయని గాని ఉద్యోగములయందు భేదము చూపరాదని శాసించెను. అంతకు పూర్వము కంపెనీవారు నల్లజాతి స్త్రీలను చేర్చుకొనలేదు. పిమ్మట చేర్చుకొనిరి. కొంతకాలమునకు వ్యాపారము మందగింపగా, కడపట చేరినవారిని ముందుగా తొలగించు నియమమునుబట్టి పనివారిని తగ్గించిరి. 1970 తరువాత చేరిన నల్లజాతి స్త్రీలందఱును జీవనోపాధి కోల్పోయిరి. నియమము అందఱికి నొక్కటియే. కాని కంపెనీ తలుపు వారికి ఆలస్యముగా తెఱువబడినది గదా! అయిదుగురు స్త్రీలు న్యాయస్థానమున కెక్కిరి.

1976లో జిల్లా న్యాయస్థానము వారి వాదమును త్రోసివేసెను. స్త్రీలన్న హేతువున భేదము జరుగలేదట. ఏలయన కంపెనీ 1964కు ముందే స్త్రీలను నియమించియుండెను. ఆ స్త్రీలు తెల్లవారు. జాతిభేదమే యందురా, దానికి వేఱొక వ్యాజ్యము నడుచుచున్నది, అందు కలియవచ్చును. అంతియే గాని రెండు హేతువులను జోడించి క్రొత్త వర్గమును కల్పించుట చట్టమునకు సమ్మతము కాదనిరి. న్యాయమూర్తి యన్యాయము చేయదలచినట్లు నాకు తోచదు. ఆయన పసుపును పరీక్షించెను, సున్నమును పరీక్షించెను. ఎఱుపు ఎచటను కానరాలేదు.

నల్లజాతి వనితయు న్యాయశాస్త్ర ఆచార్యురాలును అగు కింబర్లీ క్రెన్షా 1989లో ఈ తీర్పును విమర్శించుచు ఒక వ్యాసము వ్రాసి, ఈ భావమునకు నామకరణము చేసెను. నాలుగు త్రోవల కూడలిలో నిలిచిన మనుష్యునకు ఏ దిక్కునుండి యైనను బండి వచ్చి తగులవచ్చును. రెండు దిక్కులనుండి యొక్కసారియే తగులవచ్చును. ఏ బండి యెంత గాయము చేసెనో తేలనంత మాత్రమున గాయము లేకపోవునా యని యామె యడిగెను.

మన సుప్రీంకోర్టు 2021లో ఈ భావమును గ్రహించినది. ఆంధ్రప్రదేశమునుండి పోయిన యొక అత్యాచారపు వ్యాజ్యములో బాధితురాలు పుట్టంధురాలు, షెడ్యూల్డు కులమునకు చెందిన యువతి. స్త్రీత్వము, కులము, అంధత్వము అను మూటిని విడదీసి యామె బాధను తూచరాదని న్యాయమూర్తులు విపులముగా వ్రాసిరి. నేరస్థుని యావజ్జీవ శిక్ష నిలిచెను. అయినను కులము కారణముగానే నేరము జరిగెనని సాక్ష్యము చూపబడనందున, అట్రాసిటీల చట్టము క్రింది శిక్ష రద్దయ్యెను. భావమును గ్రహించుట వేఱు, దానిని నిరూపించుట వేఱు.

నిరూపణమునకు లెక్కలు కావలయును. లెక్కలకు తగిన గడులు కావలయును. 2011 జనాభా లెక్కలు చూడుడు. దేశమున స్త్రీల అక్షరాస్యత నూటికి 64.6. షెడ్యూల్డు కులములవారిది, స్త్రీపురుషులను కలిపి, 66.1. ఈ రెండంకెలు మాత్రమే చదివినవానికి తృప్తి కలుగవచ్చును. షెడ్యూల్డు కులముల స్త్రీలను వేఱుగా లెక్కించినచో 56.5 మాత్రమే! అట్లని రెండు కష్టములు కలిసిన చోట నెల్ల బాధ సరిగా రెట్టింపగునని ముందే తలచుటయు తప్పు. కూడికచే తేలునది కాదు. అచటికి పోయి యడిగి తెలిసికొనవలయును.

ఈ మాట నే నాలస్యముగా నేర్చితిని. ప్రధానోపాధ్యాయుడనై యుండగా ఏటేట పట్టికలు పంపెడివాడను. ఒక గడిలో బాలికలు, వేఱొక గడిలో షెడ్యూల్డు కులముల విద్యార్థులు. రెండును నిండుగానే యుండెను. నాకు కొంత గర్వముగా కూడ నుండెను. ఒకనాడు బడిలో వంటచేయు అవ్వ, "అయ్యగారూ, పెద్ద తరగతుల్లో మా పేట ఆడపిల్ల ఒక్కతన్నా ఉందా అండీ?" యని యడిగెను. హాజరుపట్టీ తీసితిని. బాలికలందఱు ఊరివారు, పేటవారందఱు బాలురు.

ఆ సాయంకాలము పేటకు పోయి తల్లుల నడిగితిని. బడికి దారి పెద్దవీధి మీదుగా నుండెను. అరుగులమీది కుఱ్ఱవాండ్రు తమ వీధి యాడపిల్లలను ఏమియు ననరు. పేట బాలురు పరుగెత్తి పోగలరు. ఈడు వచ్చిన పేట బాలికను మాత్రము నోటికి వచ్చినట్లు అనెదరు. తండ్రి యడుగబోయినచో మఱునాడు కూలి దొరకదు. ఉపకారవేతనము ఈ భయమును తీర్చునది కాదు. నా పట్టికలో ఆ వీధి లేదు.

ఆ వీధి పెద్దలనే యిద్దఱిని బ్రతిమాలి, బడివేళలకు అరుగులమీద కూర్చుండజేసితిని. ఆ యేడు ముగ్గురు బాలికలు వచ్చిరి. మఱుసటి పట్టికలో నేనే యొక గడి యదనముగా గీసి పంపితిని. నమూనాలో లేని గడి గీయరాదని తిరుగు టపాలో జాబు వచ్చెను.