అడ్డమంటే ఒక్క అర్థమేనా?

కాగితంపై ఎడమ నుంచి కుడికి ఒక గీత గీయండి. అది క్షితిజ సమాంతర రేఖ అంటారు కదా! ఇప్పుడు కాగితాన్ని గోడకు ఆనించి పక్కకు తిప్పండి. గీత మారలేదు, కాని నిలువైపోయింది. అంటే క్షితిజ సమాంతరం అన్నది గీతకున్న గుణం కాదు, గీతకూ భూమికీ ఉన్న సంబంధం.

తాపీమేస్త్రీకి ఈ సంగతి బాగా తెలుసు. అతడు వేలాడదీసిన గుండుదారం భూమ్యాకర్షణ దిశను చూపిస్తుంది. అది నిలువు. దానికి లంబంగా ఉన్నదే క్షితిజ సమాంతరం. రసమట్టంలో బుడగ నడిమికి వస్తే ఆ తలం సరిగ్గా ఉన్నట్టే. అయితే భూమి గోళాకారంగా ఉండటం వల్ల ఢిల్లీలోని మట్టానికీ, హైదరాబాదులోని మట్టానికీ మధ్య సుమారు 11 డిగ్రీల వాలు ఉంటుంది. రెండూ వాటి వాటి చోట సరైనవే!

ఈ మాటను ఇతర శాస్త్రాలు కూడా అరువు తెచ్చుకున్నాయి. అక్కడ భూమితో పని లేదు. ఒక తరం నుంచి మరో తరానికి దిగేది నిలువు, ఆ వరుసతో సంబంధం లేకుండా ఒకరి నుంచి మరొకరికి పాకేది అడ్డం. హెపటైటిస్-బి వైరస్‌నే తీసుకోండి. ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకితే అది నిలువు సంక్రమణ. కలుషితమైన సూది ద్వారా సోకితే అడ్డు సంక్రమణ. బిడ్డ పుట్టిన 24 గంటల్లోగా టీకా వేయించమనడం మొదటి దారిని మూసేందుకే. తరువాతి మోతాదులు రెండో దారి నుంచి కూడా రక్షణ ఇస్తాయి.

బాక్టీరియాలలో జన్యువులు కూడా ఇలా అడ్డంగా ప్రయాణిస్తాయి. మనకు జన్యువులు తల్లిదండ్రుల నుంచే వస్తాయి. బాక్టీరియా మాత్రం పక్కనున్న మరో జాతి బాక్టీరియా నుంచి కూడా వాటిని అందుకోగలదు. మన పేగుల్లో హాని చేయకుండా బతికే సూక్ష్మజీవి మందుకు లొంగని జన్యువును వ్యాధి కలిగించే సూక్ష్మజీవికి అందించవచ్చు. అవసరం లేకుండా యాంటీబయాటిక్ మింగితే, అలాంటి జన్యువులున్న సూక్ష్మజీవులే మిగిలి వృద్ధి చెందుతాయి. డాక్టరు చెప్పనిదే ఆ మందులు వాడరాదనడానికి ఇదొక ముఖ్య కారణం.

న్యాయశాస్త్రంలోనూ ఈ మాట ఉంది. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లు నిలువు రిజర్వేషన్లనీ, వికలాంగులవి వాటన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోయేవనీ వివరించింది. అడ్డు కోటాలో ఎంపికైన అభ్యర్థిని అతడు చెందిన నిలువు వర్గంలోనే లెక్కిస్తారు. ఈ తేడా తెలియకపోతే ఉద్యోగాల జాబితా అర్థం కాదు.

కనుక ఈ మాట ఎక్కడ కనిపించినా, "ఇక్కడ నిలువు ఏది?" అని ముందుగా అడగండి. నిలువు తెలిస్తే అడ్డం దానంతటదే తెలుస్తుంది.