నేసిన చేతికి చేరేదెంత?

2024 నవంబర్‌లో న్యూయార్క్‌లోని సోథెబీస్ సంస్థ వేలంలో ఒక అరటిపండు అమ్ముడుపోయింది. గోడకు టేపుతో అంటించిన ఆ పండు ఇటలీకి చెందిన మౌరిజియో కాటెలాన్ రూపొందించిన కళాఖండమట! క్రిప్టో కరెన్సీ వ్యాపారి ఒకరు దానిని 62 లక్షల డాలర్లకు, అంటే 50 కోట్ల రూపాయలకు పైగా చెల్లించి కొన్నారు. కొద్దిరోజుల తర్వాత అందరి ఎదుటా తినేశారు. వేలంనాడు ఆ పండును వీధిలోని బండి మీద 35 సెంట్లకు అమ్మినది బంగ్లాదేశ్ నుంచి వలస వెళ్ళిన ఒక వృద్ధుడు. పత్రికా విలేకరి అసలు ధర చెప్పినప్పుడు ఆయన కన్నీరు పెట్టుకున్నారు.

ఈ వార్త విని మనం నవ్వుకున్నాము. కాని వస్తువు వెలకూ, దాని వెనుకనున్న చేతికి ముట్టే ప్రతిఫలానికీ మధ్య ఇలాంటి అగాధం మన ముంగిట్లోనే ఉంది. అక్కడ మనం ప్రేక్షకులం కాము, కొనుగోలుదారులం.

మగ్గం మీది పనితనం

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల, రాజోలి, ఐజ వంటి చోట్ల, వనపర్తి జిల్లాలోని అమరచింత, కొత్తకోటల్లో నేటికీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది. సంప్రదాయ గద్వాల చీర నడిభాగం నూలు. అంచులు, కొంగు పట్టు. అంచును విడిగా నేసి కుట్టరు. రెండు అంచులకూ, నడిభాగానికీ వేర్వేరు నాడెలు ఆడిస్తూ, ప్రతి వరుసలోనూ నూలు పేకను పట్టు పేకతో మెలివేస్తారు. దీనిని కుప్పడం అంటారు. కొంగు దగ్గర నూలు పడుగు పోగులకు పట్టు పోగులను చేతితో అతుకుతారు. ఒక్క మెలిక తప్పినా ఆ లోపం కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు రోజుల తరబడి కూర్చుంటేగాని ఒక చీర పూర్తికాదు.

అయితే నేతకారుల్లో చాలామంది తమ చీరను తామే అమ్ముకోరు. పట్టు, జరీ, నమూనా మాస్టర్ వీవర్ ఇస్తారు. నేసినవారికి దక్కేది చీరకింత అని మజూరీ. ఇంట్లోని స్త్రీలు కండెలు చుట్టిన శ్రమ కూడా అందులోనే కలిసిపోతుంది. చీర చేతులు మారినకొద్దీ దాని ధర పెరుగుతుంది, మజూరీ మాత్రం పెరగదు. చేనేత రిజర్వేషన్ చట్టం 1985లోనే వచ్చినా, భౌగోళిక గుర్తింపు ఉన్నా, పవర్‌లూమ్ మీద తయారైన నకళ్ళు గద్వాల పేరుతోనే అమ్ముడవుతున్నాయి.

ఒక ఒప్పుకోలు

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి నికాహ్ కోసం ఒక నేతకారుని ఇంటికి వెళ్ళాను. స్వయంగా పెట్టుబడి పెట్టి నేసిన చీర ఆయనది. మాటల మధ్య ఇంట్లో అనారోగ్యం ఉందని, డబ్బు తక్షణం కావాలని తెలిసింది. ఆ అవసరాన్ని ఆసరాగా చేసుకుని ధర బాగా తగ్గించాను. తక్కువలో వచ్చిందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ తర్వాత మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్నప్పుడు, అగత్యంలో ఉన్నవాని సరుకును అగ్గువకు లాక్కోవడాన్ని ఫుఖహాలు నిరసించిన విషయం వచ్చింది. పాఠం ముందుకు సాగలేదు. ఒక విద్యార్థి, "మౌలానా సాబ్, తబియత్ బాగుంది కదా?" అని అడిగాడు. ఏమీ చెప్పలేకపోయాను.

ధర్మం ఏమంటోంది?

ఇస్లాం బేరాన్ని నిషేధించలేదు. అధిక ధరనూ పాపమనలేదు. ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని సహాబాలు కోరితే దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) అందుకు అంగీకరించలేదు. వేలం కూడా ధర్మసమ్మతమే. సహాయం అర్థించిన ఒక అన్సారీ ఇంట్లోని దుప్పటిని, నీటి గిన్నెను ఆయన స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు, మరొకరు రెండు అన్నారు. ఆ రెండు దిర్హమ్‌లూ అన్సారీ చేతికే ఇచ్చి, ఒకదానితో ఇంటికి ఆహారం, మరొకదానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి పిడిని తన చేతులతోనే బిగించారు. ఆ వేలంలో పెరిగిన ధర యజమానికే చేరింది. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడాన్ని మాత్రం (నజష్) ఆయన నిషేధించారు. ఊరి ధర తెలియని బిడారులను దారిలోనే కలిసి సరుకు కొనడాన్నీ వారించారు.

మద్‌యన్ ప్రజలకు హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) చేసిన బోధను దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రస్తావించింది. కొలతల్లో, తూనికల్లో తగ్గించవద్దనడంతో ఆయన ఆగలేదు. ప్రజల వస్తువుల విలువను తగ్గించవద్దని కూడా హెచ్చరించారు. పనితనాన్ని తక్కువచేసి మాట్లాడి ధర దించడం కూడా ఒక తప్పుడు తూకమే!

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. నేతతోనే అంచు తీర్చిన దుప్పటిని ఒక స్త్రీ దైవప్రవక్త (సఅసం) సన్నిధికి తెచ్చి, దానిని తన చేతులతో నేశానని విన్నవించింది. ఆయన స్వీకరించి ధరించారు. ఆమె చేతిపని గురించి ఆమె చెప్పిన మాట నేటికీ హదీసు గ్రంథాల్లో నిలిచి ఉంది. మనం కొన్న చీర వెనుకనున్న చేయి ఎవరిదో మనలో ఎందరికి తెలుసు?

మనం చేయవలసినది

నికాహ్‌కు పట్టుచీర కావాలని షరీఅత్ కోరదు. స్తోమత లేనివారు సాదా నూలు చీర కొనడం ఉత్తమం. అందులో చిన్నతనం లేదు. కొనగలిగినవారు నేతకారుల వద్ద లేదా చేనేత సహకార సంఘాల్లో కొనాలి. చేనేత గుర్తు, సిల్క్ మార్క్ చూడాలి. బేరమాడవచ్చు, కాని ఎదుటివారి కష్టాన్ని ఆయుధం చేసుకోరాదు. సొమ్ము వాయిదా వేయరాదు. కూలివాని చెమట ఆరకముందే ప్రతిఫలం చెల్లించాలన్న ప్రవక్త బోధ ఉండనే ఉంది. చీరల వ్యాపారంలో ఉన్న మన సోదరులు నకలును అసలుగా అమ్మితే, ఆ లాభంలో బర్కత్ ఎక్కడిది?

నేను ఆ నేతకారుని ఇంటికి మళ్ళీ వెళ్ళాను. మిగిలిన సొమ్ము ముందుంచితే ఆయన మొదట పుచ్చుకోలేదు. బేరం ముగిసిన విషయమన్నారు. "నా లెక్క ఇంకా ముగియలేదు" అన్నాను. అల్లాహ్ మన తూనికలను సరిదిద్దుగాక! ఆమీన్.